ఒకరికి వెలుగు, ఎదుటివారికి చీకటి

కార్లకు కంపెనీ హాలోజన్ బల్బులు తీసేసి తెల్లటి ఎల్‌ఇడి బల్బులు బిగించడం పల్లె రోడ్లపైనా కనిపిస్తోంది. కారు నడిపేవారికి దారి తళతళలాడుతుంది. ఎదురుగా సైకిలుపై వచ్చే రైతుకు మాత్రం రోడ్డు అంచే కనబడదు. హాలోజన్ బల్బులో తీగ ఉండే చోటును బట్టి దీపం గిన్నెను మలుస్తారు. ఎల్‌ఇడి వెలుగు సరిగ్గా అక్కడి నుంచే రాకపోతే, డిమ్ చేసినా కాంతి పైకి చిమ్ముతుంది. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు. 60/55 వాట్ల బల్బు స్థానంలో 100/90 పెడితే మరో తంటా: హోల్డరు కరగవచ్చు, వైర్లు కాలవచ్చు. 8 మీటర్ల దూరాన, ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి దీపం మిరుమిట్లు గొలపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఎత్తు ఇంచుమించు నడిచే మనిషి కన్నే. వెలుగు చాలనివారు ముందు పసుపుబారిన అద్దం రుద్దించి, దీపం వాలు సరిచేయించుకోవచ్చు.