గమకం మీద నెపమా?

కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణమట, గమకం నిలవాలంటే సాహిత్యం కాస్త చితకక తప్పదట. ఈ మాట మా కారిమంగళం చుట్టుపక్కల పాట నేర్పేవాళ్ళ దగ్గరా విన్నాను, చెన్నై సభల్లో ముందువరసల వాళ్ళ దగ్గరా విన్నాను. ఇది ఒట్టి సాకు.

గమకం వల్ల మాట పోయేదే అయితే అన్నిటికంటే ముందు క్షేత్రయ్య పదం పోయి ఉండాలి. నడక విలంబం, అడుగడుగునా కంపితం, జారు. అయినా వీణ ధనమ్మాళ్ (1867-1938) మనవరాళ్ళు బృంద, ముక్త పాడితే నాయిక నిష్ఠూరమంతా అక్షరం అక్షరం వినబడుతుంది. వాళ్ళు తమిళనాట పెరిగినవాళ్ళే. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి మదురై ఆవిడ. అన్నమయ్య పాటను ఆవిడంత శుభ్రంగా పలకలేని తెలుగువాళ్ళు ఎంతమంది లేరు!

గొంతు మీదికీ నెట్టవద్దు. జి.ఎన్.బాలసుబ్రమణ్యంది (1910-1965) బిర్కాలు మెరుపులా దొర్లే గొంతు. ఎం.డి.రామనాథన్‌ది (1923-1984) మంద్రంలో నింపాదిగా నడిచే గొంతు. బాలమురళిది మూడు స్థాయిల్లోనూ హాయిగా తిరిగిన గొంతు. ఎవరి గొంతుకు తగిన నగ వారు పెట్టుకున్నారు. ఇప్పుడో, బరువు గొంతు పిల్లచేత కూడా బిర్కాలే వేయిస్తున్నారు. వేగం అందక పిల్ల మాటను మింగేస్తుంది.

అసలు జబ్బు పుస్తకంలో ఉంది. కథ, గద, గత, కద - తమిళ లిపిలో నాలుగింటికీ ఒకటే రాత. అందుకే కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. అంకె చూడని శిష్యురాలు, అర్థం చెప్పని గురువు, ఆపైన బిర్కా. ఇక త్యాగరాజు ఏమడిగాడో రాముడికే తెలియాలి. (మా బ్యాంకులో ఒక్క అంకె తేడా వస్తే చీకటి పడేదాకా కూర్చుని వెతుకుతాం.)

అర్థంకాని భాషలో పాటలేమిటని అడిగినవాళ్ళు 1943లో చెన్నైలో తమిళ ఇసై సంఘం పెట్టుకున్నారు. వాళ్ళంటే మనవాళ్ళకు ఇప్పటికీ కోపమే. కానీ పాటలో మాట మనసుకెక్కాలన్న పట్టుదల వాళ్ళకుంది. మనకేదీ? 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, నిజమే. ఇంట్లో తెలుగు ఓనమాలు దిద్దించవద్దని ఆ చట్టం చెప్పలేదు. తెలుగింటి పిల్ల త్యాగరాజ కృతిని తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతుంటే, భలే గమకమని చప్పట్లు కొడుతున్నది మనమే.

పాట చెప్పే అయ్యవార్లను, అమ్మగార్లను ఒక్కటే అడుగుతున్నాను. సంగతులు వేయించే ముందు సాహిత్యాన్ని పిల్లచేత తెలుగులో రాయించండి, చదివించండి, అర్థం చెప్పించండి. పిల్లకు అక్షరాలు రాకపోతే మొదటి నెల జీతం దానికే తీసుకోండి.