సూది గుచ్చే వేళ తల్లి ఒడి

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) నమాజును సుదీర్ఘంగా చేయించాలని సంకల్పించి నిలబడేవారు. అంతలో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి హృదయం ఎంత తల్లడిల్లుతుందో ఎరిగి నమాజును సంక్షిప్తం చేసేవారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసు మనం తరచు వింటున్నదే. మరి ఆసుపత్రిలో మన బిడ్డ మడమకు సూది గుచ్చే వేళ మనం చేస్తున్నదేమిటి? "చూసి తట్టుకోలేదు" అంటూ తల్లిని గది బయట నిలబెడుతున్నాం. బిడ్డకు ఆమె అవసరం అత్యధికంగా ఉండేది ఆ క్షణంలోనే.

కామెర్లు, రక్తంలో చక్కెర, థైరాయిడ్ లోపం వంటివి కనిపెట్టడానికి తొలి రోజుల్లోనే రక్తం తీయవలసి వస్తుంది. ఆ పరీక్షలను మానకూడదు. బాధను మాత్రం తగ్గించవచ్చు.

పసికందుకు నొప్పి తెలియదని ఒకప్పుడు వైద్యులు సైతం భావించారు. నెలలు నిండని శిశువులకు శస్త్రచికిత్సలో తగినంత మత్తు ఇస్తే శరీరంపై ఒత్తిడి తగ్గుతుందని భారత సంతతి వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో నిరూపించాక ఆ అభిప్రాయం మారసాగింది.

అన్నింటికన్నా సులభమైన ఉపశమనం తల్లిపాలే. సూదికి కొన్ని నిమిషాల ముందే పాలు పట్టడం ఆరంభించి, బిడ్డ చక్కగా చప్పరిస్తున్నప్పుడు రక్తం తీయించాలి. అది ముగిసే వరకు పాలు ఆపరాదు. పాలివ్వడం వీలుకాకపోతే బిడ్డను తల్లి గుండెకు, చర్మానికి చర్మం తగిలేలా హత్తుకోవాలి. తండ్రి కూడా ఈ పని చేయవచ్చు. పర్దా గురించి సంకోచం ఉంటే అడ్డుతెర కట్టమని, మహిళా నర్సును పంపమని ముందుగానే అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు.

కొన్ని ఆసుపత్రుల్లో సూదికి రెండు నిమిషాల ముందు నాలుకపై కొన్ని చుక్కల చక్కెర ద్రావణం వేస్తారు. దాని మోతాదు వైద్యులే నిర్ణయించాలి; ఇంట్లో కలిపి పోయకూడదు. తేనె అసలే వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకర వ్యాధి రావచ్చు. తీపి నొప్పిని తగ్గిస్తుందన్న మాట వినగానే కొందరికి తహ్నీక్ స్ఫురించవచ్చు. కాని తహ్నీక్ సున్నత్‌గా ఆచరించేది. దానిని నొప్పి మందుగా భావించనవసరం లేదు.

మాట రాని బిడ్డ తన బాధను ఏడుపుతోనే చెప్పుకుంటుంది. ఆ ఏడుపు విని నమాజునే కుదించిన కారుణ్యమూర్తి అనుచరులం మనం. ఈసారి రక్తం తీసేవారు వచ్చినప్పుడు తల్లిని బయటకు పంపకుండా, బిడ్డను ఆమె ఒడిలో ఉంచుదాం.