టాబ్ మొరాయిస్తే తుడిచెయ్యడమేనా?



2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు టాబ్‌లు పంచారు. కర్నూలు, కడప పల్లెల్లో ఉన్న మీ ఇంట్లో అలాంటి టాబే మొదటి కంప్యూటరు కావచ్చు. కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కుతుండగా అది కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయిందనుకోండి. "ఫ్యాక్టరీ రీసెట్ చేసెయ్" అంటారు చాలామంది. అది తొందరపాటని నా అభిప్రాయం.

ఎందుకంటే, టాబ్‌లో సిస్టం ఒక అరలో, మీ నోట్సు, ఫోటోలు వేరొక అరలో ఉంటాయి. సిస్టం చెడినంత మాత్రాన నోట్సు పోదు. రీసెట్ చేస్తే పోతుంది.

కొత్త బోరులో నీళ్లు పడేదాకా మెట్టరైతు పాత బావిని పూడ్చడు కదా? 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి అనేక పరికరాల్లో ఇదే పద్ధతి. కొత్త సిస్టం లేవకపోతే పాతదే తిరిగి నడుస్తుంది. అయితే అన్నింటిలోనూ ఈ ఏర్పాటు లేదు.

కనుక ముందు గంటసేపు ఛార్జింగు పెట్టండి. పవర్ మీటనూ, శబ్దం తగ్గించే మీటనూ కలిపి పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. చాలా టాబ్‌లు ఇలా తిరిగి మొదలవుతాయి. అప్పటికీ లేవకుంటే, సమాచారం చెరపకుండా సిస్టం మాత్రమే ఎక్కించగలరేమో సర్వీసు కేంద్రంలో అడగండి. రీసెట్ ఆఖరి మందు.

అన్నిటికంటే ముఖ్యం, అప్‌డేట్‌కు ముందే నోట్సుకు రెండో ప్రతి తీసి దాచుకోండి. టాబ్ మళ్లీ కొనుక్కోవచ్చు. మీరు రాసుకున్నది ఏ అంగడిలోనూ దొరకదు!