రాత్రి ఎక్కడ పడుకుంటారు?

కిందటి డిసెంబరులో నేనూ నా స్నేహితురాలూ మియాపూర్ నుంచి బీదర్‌కి సైకిళ్ళ మీద వెళ్ళివచ్చాం. పోవడానికి మూడు రోజులు, రావడానికి రెండు రోజులు. ఇద్దరికీ నలభై దాటాయి. తను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నేను పరిశోధన చేసుకునేదాన్ని. సైకిళ్ళ వెనక ఒక టెంటు, రెండు దుప్పట్లు, పంక్చరు సామాను కట్టుకుని ముంబయి హైవే మీద పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ మీదుగా వెళ్ళాం. ఇందులో గొప్ప చెప్పుకోవలసిందేమీ లేదు. పాల క్యాన్లు, కూరగాయల గంపలు కట్టుకుని ఆ రోడ్డు మీద రోజూ సైకిలు తొక్కే మగవాళ్ళున్నారు. అయినా రాయాలనిపించిందంటే, బయల్దేరకముందు, దారి పొడుగునా, తిరిగొచ్చాక కూడా మేము విన్న ఒకే ఒక ప్రశ్న అందుకు కారణం: "రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

మా అమ్మ అడిగింది. స్నేహితురాలి ఆఫీసులో అడిగారు. టీ కొట్టు దగ్గర అడిగారు. మోకాళ్ళు నొప్పి పుట్టలేదా అనిగానీ, దారిలో ఏం చూశారనిగానీ అడిగినవాళ్ళు తక్కువ. ఇద్దరు మగవాళ్ళు ఇదే ప్రయాణం చేసి ఉంటే ఈ ప్రశ్న ఇన్నిసార్లు వచ్చేదా? ఆడదాని పగలు కొంతవరకు ఆమె సంపాదించుకుంది. చదువుకీ ఉద్యోగానికీ బయటికి రావడం కోసం మన ముందుతరాలు పోరాడాయి. ఆమె రాత్రి మాత్రం ఇంకా కుటుంబం ఆస్తిగానే ఉంది.

అసలు మా కోరిక బీదర్ కాదు. కెనడాకి చెందిన కేట్ హారిస్ తన చిన్ననాటి స్నేహితురాలు మెలిస్సా యూల్‌తో కలిసి 2011లో టర్కీ నుంచి పాత సిల్కు దారి వెంట అనేక దేశాలు దాటుతూ, టెంటు వేసుకుని పడుకుంటూ, సైకిలు మీద మన లడఖ్ దాకా వచ్చింది. ఆ ప్రయాణం గురించి 2018లో పుస్తకం రాసింది. అది చదివి మేమిద్దరం మ్యాపు ముందేసుకుని కూర్చున్నాం. అంత దూరం కాకపోయినా నాలుగు దేశాలైనా చూద్దామనుకున్నాం. లెక్క వేస్తే మొదట అడ్డు తగిలింది కొండలూ ఎడారులూ కాదు. నెలల తరబడి సెలవు ఎవరిస్తారు? వీసా కోసం బ్యాంకు ఖాతాలో చూపించవలసిన డబ్బు ఎక్కడిది? మంచం మీదున్న అత్తగారిని ఎవరు చూస్తారు? చివరికి మ్యాపు చిన్నదవుతూ చిన్నదవుతూ బీదర్ దగ్గర ఆగింది. దాటిన సరిహద్దు ఒక్కటే, అదీ కర్ణాటకది.

మన దేశం నుంచి సైకిలు మీద ప్రపంచం చుట్టడానికి 1923లోనే బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు బయల్దేరారు. వారిలో ముగ్గురు 1928లో ప్రయాణం పూర్తిచేసి తిరిగొచ్చారు. ఆ రోజుల్లో ఏ ఆడపిల్లకైనా అలాంటి కోరిక పుట్టి ఉంటే అది ఏ వంటింట్లో అణగిపోయిందో మనకి తెలీదు. మన హైదరాబాదు నుంచే 2018లో జై భారతి మరో ముగ్గురు స్త్రీలతో కలిసి మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగివచ్చింది. పత్రికలు వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. కానీ నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది ఆ తర్వాత ఆమె చేసిన పని. 'మోవో' అనే సంస్థ పెట్టి, పేద స్త్రీలకు స్కూటర్లూ ఆటోలూ నడపడం నేర్పించడం మొదలుపెట్టింది. ఒకరి ధైర్యాన్ని పదిమందికి అందే నైపుణ్యంగా మార్చడం అంటే అదే.

ఎందుకంటే 'ధైర్యం' అనే మాట దగ్గరే మనం మోసపోతున్నామని నా అనుమానం. వెళ్ళినామెను ధైర్యవంతురాలు అన్నామంటే, వెళ్ళలేకపోయిన వాళ్ళందరికీ ధైర్యం లేదని చెప్పినట్టే. సెలవూ డబ్బూ, దారిలో మరుగుదొడ్డీ, రాత్రి పడుకునే చోటూ లేకపోవడం అనే సంగతి ఆ పొగడ్త వెనక మాయమైపోతుంది.

మా మొదటి రాత్రి సంగతే చెప్తాను. చీకటి పడే వేళకి హైవే పక్కనున్న ఒక ఊళ్ళో లాడ్జికి వెళ్ళాం. కౌంటరు దగ్గరున్న అతను మా ఆధార్ కార్డులు తిప్పి తిప్పి చూసి, "వెంట జెంట్స్ లేరా మేడమ్?" అన్నాడు. లేరన్నాం. గదులు ఖాళీ లేవన్నాడు. మా వెనకే వచ్చిన ఇద్దరు మగవాళ్ళకి మా కళ్ళముందే తాళంచెవి ఇచ్చాడు. అది మొరటుతనం అనుకుంటే పొరపాటు. ఇద్దరాడవాళ్ళు పని లేకుండా ఊరు తిరుగుతున్నారంటే, ఏదో 'పని' మీదే వచ్చి ఉంటారన్న అనుమానం అది. ఆ రాత్రి స్నేహితురాలి సహోద్యోగి పుట్టిల్లు దగ్గర్లో ఉందని తెలిసి, ఫోను చేసి అక్కడికి పోయాం. అంటే చివరికి ఆదుకున్నది మళ్ళీ ఒక కుటుంబమే.

రెండో రాత్రి జహీరాబాద్ దగ్గర ఒక పల్లెలో, తెలిసినవాళ్ళ పెరట్లో టెంటు వేశాం. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. "మీ ఎంబడి మొగోళ్ళు రాలేదా?" అని ఒకామె. "ఇంట్ల ఎవరు వండుతున్నరు?" అని ఇంకొకామె. టెంటులోకి వంగి చూసిన ఒక పెద్దామె మాత్రం నవ్వి, "గిదేమన్న కొత్తదా బిడ్డా? జొన్నచేను కావలికి మేం మంచె మీద పండుకోలే?" అంది. చేను కాయడానికి ఆమె రాత్రంతా ఒంటరిగా బయట పడుకుంటే ఊరికి అభ్యంతరం లేదు. పని మీద ఉన్న ఆడదానికి చీకటి అడ్డం కాదు. ఏ పనీ లేకుండా, చుక్కలు చూడ్డానికి పడుకుంటానంటేనే శీలం, పరువు అన్నీ గుర్తుకొస్తాయి. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ముంబయి వీధుల గురించి రాస్తూ, పనిలేకుండా తిరిగే హక్కు కావాలన్నారు. ఆ హక్కు ఊరి పొలిమేర దాటాలని, సూర్యుడు మునిగాక కూడా ఉండాలని నేనంటాను.

అలాగని దారి మీద ఉండటమే స్వేచ్ఛ అనలేం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మన తెలంగాణ మిరప చేలల్లో కూలికొచ్చిన 12 ఏళ్ళ జమ్లో మక్దమ్ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకి నడిచి పోతూ, మూడు రోజులు నడిచాక, ఇల్లు దగ్గరపడే వేళకి దారిలోనే చనిపోయింది. మరుసటి నెల 15 ఏళ్ళ జ్యోతి కుమారి గాయపడిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి బీహార్‌లోని దర్భంగాకి సుమారు 1,200 కిలోమీటర్లు సైకిలు తొక్కింది. ఆమెనూ సాహస బాలిక అని పొగిడారు. బస్సూ రైలూ ఆపేసిన ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న ఆ చప్పట్లలో కలిసిపోయింది. వెళ్ళక తప్పని ప్రయాణమూ, వెళ్ళాలనుకున్న ప్రయాణమూ ఒకటి కావు. మన స్త్రీలలో ఎక్కువమందికి తెలిసింది మొదటిదే.

మరి మన ఉద్యమాలు ఏం అడుగుతూ వచ్చాయి? ఎక్కువగా 'రక్షణ' అడిగాం. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనలో ఎవరమూ మరిచిపోలేం. స్కూటరు టైరు గాలి తీసేసి, సాయం చేస్తామంటూ వచ్చి చంపారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబుల్లో ఒకటి, ఆర్టీసీలో మహిళా ఉద్యోగులకు రాత్రి 8 గంటల తర్వాత డ్యూటీ ఉండదన్నది. ఇంకొకటి నిందితులు నలుగురినీ ఎన్‌కౌంటర్ చేయడం. మనం అడిగింది రోడ్డు మీద వెలుతురు. మనకి దొరికింది ఇంటికి పొమ్మనే గడియారం. మేం ఆ హైవే మీద పంక్చరు వేసుకుంటున్నప్పుడు, చేతులకి గ్రీజు అంటుకుంటున్నప్పుడు, ఇద్దరం ఆమె గురించే ఆలోచిస్తున్నామని మాట్లాడుకోకుండానే తెలిసింది.

అడిగే తీరు వేరుగా ఉన్న సందర్భాలూ మనకున్నాయి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరుకీ వచ్చింది, తమిళనాడులోని పుదుక్కోట్టైకీ వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చదువుకుని ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. పుదుక్కోట్టైలో చదువుతో పాటు సైకిలు నేర్పారు. కూలి స్త్రీలు, క్వారీ కార్మికులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలూ పదివేల సంఖ్యలో నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. నీళ్ళకీ, పనికీ, మీటింగుకీ ఎవరి దయా లేకుండా పోగలగడం వాళ్ళకి కొత్త బలాన్నిచ్చింది. దూబగుంట మన చరిత్ర అని మనం గర్వంగా చెప్పుకుంటాం. పుదుక్కోట్టైని కూడా మనది చేసుకోవలసింది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ వచ్చింది. "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని బస్సుల్లో ఎంతమంది విసుక్కోగా విన్నాం! ఆ విసుగే ఆ పథకం విజయానికి గుర్తని నేననుకుంటాను. సైకిళ్ళ విషయానికొస్తే, 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సోలారు కప్పుతో, కట్టారు. దారి బాగుంది. కానీ మియాపూర్ అపార్టుమెంట్లలో పాచిపనికి తెల్లవారుజామునే నడిచొచ్చే స్త్రీల ఇళ్ళకీ ఆ దారికీ సంబంధం లేదు.

ఆ మాట దగ్గరే నా సంగతీ ఒప్పుకోవాలి. జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చించారు. 2024లో అది 289 నిమిషాలు. ఐదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. ఇంటిపని చేసే మగవాళ్ళకి 88 నిమిషాలు. నాకు దొరికిన ఐదు రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? మా ఇంట్లో పనిచేసే ఆమె రోజూ రెండు గంటలు ఎక్కువ ఉండి వండింది. డబ్బు ఇచ్చాను, కానీ ఆ గంటలు ఆమె పిల్లలవి. తిరిగొచ్చాక టెంటు ఆరబెడుతుంటే, "ఎంతయింది అమ్మా?" అంది. చెప్పాను. అది ఆమె గది అద్దె కన్నా ఎక్కువ. "పాలమూరు నుంచి వొచ్చిన కొత్తల రెండేండ్లు మేం గిట్లనే పట్టా కింద పండుకున్నం. గిప్పుడు పైసలు పెట్టి పండుకునుడేందమ్మా?" అని నవ్వింది. నేనూ నవ్వాను, కానీ జవాబు లేకపోయింది.

కాబట్టి నేననేది, మనం అడిగేదాన్ని మార్చుకోవాలి. రక్షణ కోసమే కాక, రాత్రి కోసం అడగాలి. ప్రతి బస్టాండులో తెల్లవార్లూ తెరిచుండే, పేరూ కారణమూ అడగని ఆడవాళ్ళ విశ్రాంతి గదులు ఉండాలి. హైవేల మీద వెలుతురున్న మరుగుదొడ్లు ఉండాలి. ఒంటరి స్త్రీకి గది ఇవ్వనన్న లాడ్జి మీద ఫిర్యాదు చేసే చోటు ఉండాలి. మన శిక్షణా శిబిరాల్లో చట్టాలతో పాటు సైకిలూ స్కూటరూ, పంక్చరు వేయడమూ నేర్పాలి. ఇంటిపనివాళ్ళకి జీతంతో సెలవు చట్టంలో రావాలి, అంతకన్నా ముందు మన ఇళ్ళల్లో రావాలి. మా ఇంట్లో ఈ సంక్రాంతి నుంచి ఆ పని మొదలైంది. ఆలస్యంగా మొదలైందని నాకు తెలుసు.

వచ్చే చలికాలం మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం. ఈసారి ఆమెనీ అడిగాను. "సైకిలొస్తది గని, పిల్లలనేం జేద్దు?" అంది. మ్యాపు ముందేసుకుని కూర్చున్నప్పుడు మమ్మల్ని ఆపిన ప్రశ్న కూడా అలాంటిదే. దీనికి జవాబు వెతకడం ఆమె ఒక్కదాని పనో, మా ఇద్దరి పనో కాదు, మన సంఘాలన్నిటి పని.