హెడ్‌లైటుపై రంగు పడితే థిన్నరు జోలికి పోరాదు

గాజువాక: సంక్రాంతి ముందు పల్లెల్లో ఇళ్లకు, గేట్లకు రంగులు వేయించడం ఆనవాయితీ. ఆ వాకిట్లోనే ఆటోయో, కారో నిలిపి ఉంటుంది. గేటుకు కొట్టిన ఎనామిల్ రంగు చుక్కలు హెడ్‌లైటుపై పడతాయి. యజమాని కంగారుపడి పెయింటరు వద్దనున్న థిన్నరు సీసా అందుకుంటాడు. రంగు పోతుంది, దానితోపాటు లైటూ పోతుంది.

ఇందుకు కారణం పాత అలవాటే. 1971 డిసెంబరు యుద్ధ సమయంలో విశాఖపట్నంలో బ్లాకౌట్ పాటించారు. ఆనాడు వాహనాల లైట్లకు నల్లరంగు పూసేవారు. ఆ తర్వాత కూడా ఎదుటివారి కళ్లు చెదరకుండా హెడ్‌లైటు పైభాగాన నల్లరంగు వేయించడం చాలాకాలం సాగింది. అప్పటి లైట్లు గాజువి. బ్లేడుతో గీకినా, థిన్నరుతో తుడిచినా చెక్కుచెదరవు. నేటి కార్లకు వస్తున్నవి పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్ అద్దాలు. ఇవి రాయి తగిలినా అంత సులభంగా పగలవు గాని, థిన్నరు, పెట్రోలు, అసిటోన్ సోకితే పైపొర దెబ్బతిని తెల్లగా మసకబారతాయి, సన్నని వెంట్రుకల వంటి పగుళ్లు వస్తాయి. ఆ మసక ఎంత కడిగినా పోయేది కాదు.

ఇది అందచందాల సమస్య కాదు. మసకబారిన లైటు వెలుగు రోడ్డుపై పడక చెదిరిపోతుంది, ఎదురొచ్చేవాని కళ్లలో మాత్రం పడుతుంది. పోర్టుకు, ఉక్కు కర్మాగారానికి పోయే లారీలు రేయింబవళ్లు తిరిగే జాతీయ రహదారి ఇది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు తెల్లవారకముందే బయలుదేరే రైతులు, రాత్రి షిఫ్టు దిగి సైకిలుపై ఇల్లు చేరే కార్మికులు ఆ వెలుగును నమ్ముకునే నడుస్తున్నారు.

రంగు తడిగా ఉండగానే చూసుకుంటే సగం పని అయినట్లే. గోడ రంగు అయితే సబ్బునీటి గుడ్డను కాసేపు కప్పి నానబెట్టి, గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో మెల్లగా తీయవచ్చు. బ్లేడు పనికిరాదు. ఆరిన ఎనామిల్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాలి. స్పిరిట్ పేరిట అమ్మేవన్నీ ఒకటి కావు గనుక సీసాపై ఆ పేరు చూసి మరీ కొనాలి. ముందుగా నీళ్లు పోసి దుమ్ము కడగాలి. ఇది ముఖ్యం. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి ఎగిరే ఊళ్లలో పొడిగుడ్డతో తుడిస్తే అద్దమంతా గీతలే. తర్వాత మెత్తని గుడ్డను ఆల్కహాలుతో తడిపి, ఒక మూల పరీక్షించి, రంగుపై నెమ్మదిగా రుద్దాలి. ఒక్కసారికి పోదు. నాలుగైదు సార్లు ఓపిక పట్టాలి. చివర సబ్బునీటితో కడిగేయాలి. నిప్పు, బీడీ దరిచేరనీయరాదు.

అప్పటికీ మొండికేస్తే 2000 నంబరు వాటర్ పేపరును నీటిలో తడిపి రుద్ది, పాలిష్ పెట్టడం చివరి మార్గం. అయితే ఎండ నుంచి కాపాడే పైపూత కూడా దాంతో లేచిపోతుంది. తిరిగి ఎండకాపు పూత వేయించకపోతే కొన్నాళ్లకు లైటు పసుపుబారుతుంది. టూత్‌పేస్టు చిట్కా సంగతి చాలామంది చెబుతుంటారు. అది నాలుగు రోజుల మెరుపే, రంగును తీయదు.

విచారించదగ్గ విషయమేమంటే, కొందరు మెకానిక్కులు సైతం నేటికీ థిన్నరే వాడుతున్నారు. లైటు పాడయ్యాక కొత్తది కొనవలసింది బండి యజమానే. పని చేయించేవారు ముందే ఏ మందు వాడతారో అడగాలి. అడిగితే తప్పేమీ కాదు. ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే ఆటోవారికి రవాణా శాఖ అధికారులు ఈ మాట చెప్పాలి. థిన్నరు అమ్మే దుకాణదారులు కూడా ప్లాస్టిక్‌కు వాడవద్దని ఒక బోర్డు పెడితే బాగుంటుంది. ఇక పండక్కి రంగులు వేయించేవారు బండిని వీధిలో పెట్టుకోవాలి, లేదా లైట్లపై పాత పేపరు కప్పి తాడు కట్టాలి.