గొళ్లెమొక్కటే చాలునా?

విపిఎన్ పెట్టుకున్న విలేఖరికి ఇక భయం లేదని కొందరు మిత్రులు సెలవిస్తున్నారు. ఇది వట్టి భ్రమ.

విపిఎన్ సమాచారం పోయే దారిని కప్పుతుంది, ఫోనును కాపాడదు. 2021లో రచ్చకెక్కిన పెగాసస్ ఫోనులోనే చొరబడి కూర్చునే రకం. ఆ ఆరోపణలపై సుప్రీంకోర్టు వేసిన సంఘం 29 ఫోన్లు పరీక్షించింది. కేంద్ర ప్రభుత్వం తనకు సహకరించలేదని 2022లో నివేదించింది.

పోనీ, దారి అయినా భద్రమా? 2022 ఏప్రిల్ 28న కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ ఉత్తర్వు వేసింది: విపిఎన్ సంస్థలు వాడుకదార్ల పేర్లు, చిరునామాలు 5 ఏళ్లు దాచి ఉంచాలట! కంపెనీలు తమ లోపలి పనులకు వాడుకునే విపిఎన్‌లకు మాత్రం మినహాయింపు. ఈ ఉత్తర్వు ఎవరి పక్షమో వేరే చెప్పాలా?

విలేఖరి ఫోను చిక్కితే అతనితోపాటు నమ్మి నిజం చెప్పిన గుమస్తా, కూలీ బలవుతారు. గొళ్లెం పెట్టుకోవలసిందే. కాని గోడకు కన్నం వేసే అధికారం పాలకుల చేతిలో ఉన్నప్పుడు గొళ్లెమేం చేస్తుంది? ఈనాడు ఫోను వినడానికి అనుమతినిచ్చేది హోం కార్యదర్శి. న్యాయమూర్తి అనుమతి లేనిదే ఏ ఫోనూ వినరాదనే చట్టం కోసం విలేఖరులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి పోరాడాలి.