పికప్ బండికి తగిన టైరు

మనలో ననేకులు పంటను మార్కెట్ యార్డునకు చేర్చుటకు పికప్ బండ్లు వాడుచున్నారు. బండిని పదిమార్లు విచారించి కొనుదురు. టైర్లను మాత్రము రూపు చూచి కొనుదురు. ఇది సరికాదని నా యభిప్రాయము.

పెద్ద గట్లును, వెడల్పైన సందులును గల మడ్ టైరు నల్లరేగడిలో అంటిన బురదను విదల్చుకొని సాగును. కాని తారురోడ్డుపై అది త్వరగా అరుగును; మ్రోత హెచ్చు; తడిసిన రోడ్డుపై పట్టు తక్కువ. కావున నిత్యము బురదలో తిరుగు బండికే యది తగును. పొలమునుండి రెండు కిలోమీటర్లు మట్టిబాట, ఆపై యార్డుదాక తారురోడ్డు గలవారికి ఆల్ టెర్రెయిన్ అను మధ్యరకమే మేలు.

టైరు ప్రక్కనున్న అంకెలను చదువుడు. బరువు సంఖ్య 100 అయినచో ఒక్కొక్క టైరు 800 కిలోలు, 112 అయినచో 1,120 కిలోలు మోయగలదు. బండికి కంపెనీ నిర్ణయించిన సంఖ్యకంటె తక్కువది కొనరాదు. తయారీ గుర్తు తుదిని 2324 అని యున్నచో, అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైన సరకు. పాత సరకును నిరాకరింపుడు.

టైరు ధరలో మిగిల్చిన రూకలు, టమాటా బండి బురదలో దిగబడిన ఒక్క రాత్రిలో పోవును. కొనుటకు ముందే మన దారి యెట్టిదో, బరువెంతయో లెక్క చూచుకొనుడు.